ఎంచేవాళ్లు, దాచేవాళ్లు: తెలుగు కవిత తెర మీదికి వచ్చిన కథ

సాహిత్య సభల్లో ‘ఫేస్‌బుక్ కవి’ అన్న మాట ఇంకా చిన్నచూపుతోనే వినిపిస్తుంది. వేదిక మీద ఉన్న పెద్దల్లో ఎవరో ఒకరు ఆ మాట అంటారు. కింద కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ ఉదయమే ఫోనులో ఒక కవిత పెట్టి వచ్చినవాళ్లు కాబట్టి నవ్వు కాస్త ఇబ్బందిగా లేస్తుంది. ఆరోపణ అందరికీ తెలిసిందే. ఎవరు పడితే వారు రాస్తున్నారు, దిద్దేవాళ్లు లేరు, రాసిన పది నిమిషాలకే ‘అద్భుతం సార్’ అని పాతిక వ్యాఖ్యలు పడతాయి, ఇక కవి ఎదిగేదెప్పుడు? దీనికి జవాబూ సిద్ధంగానే ఉంటుంది. ఇన్నాళ్లూ పత్రికలు తమకు నచ్చినవాళ్లవే వేసుకున్నాయి, ఇప్పుడు తలుపు తెరుచుకుంది, తట్టుకోలేకపోతున్నారు అని.

రెండు వైపులా కొంత నిజం ఉంది. అయితే ఈ తగవు ఇంటర్నెట్‌తో పుట్టలేదు. ఇంటర్నెట్ నిజంగా తెచ్చిన మార్పు ఈ తగవులో కనిపించదు కూడా. కవితను ఎంచేది ఎవరన్న విషయం మీద వందేళ్లుగా వాదించుకుంటున్నాం. దాన్ని దాచేది ఎవరన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ పని ఏదో ఒక రకంగా జరిగిపోతూ ఉండేది.

1910లో గురజాడ ‘ముత్యాల సరాలు’ అచ్చయినప్పుడు, గణాలు తప్పించుకుని మాత్రలు పట్టుకున్న ఆ నడకను పద్యంగా ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. 1958లో కుందుర్తి ఆంజనేయులు హైదరాబాద్‌లో ఫ్రీవర్స్ ఫ్రంట్ ప్రారంభించి వచన కవిత కోసం ఊరూరా వాదించిన రోజుల్లో వినిపించిన విమర్శ, ఇవాళ్టి ఫేస్‌బుక్ విమర్శకు అన్న వరస. యతిప్రాసలు రానివాళ్లంతా వచనాన్ని ముక్కలు చేసి కవులైపోతున్నారన్నారు. ఛందస్సు వచ్చా రాదా అన్నది అప్పటిదాకా ఒక గడప. ఆ గడప తీసేశాక మిగిలిన పరీక్ష సంపాదకుడు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన ‘భారతి’లో కవిత పడితే కవి అయినట్టే. అందులో పడాలంటే రాసి, పోస్టు చేసి, నెలల తరబడి ఎదురుచూడాలి. జవాబు రాకపోవడం కూడా ఒక జవాబే.

ఆ గడపను తన్ని లోపలికి వచ్చినవాళ్లూ ఉన్నారు. దిగంబర కవులు 1965లో తమ తొలి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పుస్తకానికి ముద్ర వేసే పెద్దమనిషి తమకు అక్కర్లేదని చెప్పడానికి అంతకంటే సూటి మార్గం లేదు. 1980లలో చేకూరి రామారావు పత్రికలో రాసిన ‘చేరాతలు’ శీర్షిక కొత్త కవులను, ముఖ్యంగా స్త్రీవాద కవయిత్రులను పాఠకుల ముందు నిలబెట్టింది. 1993లో ‘నీలి మేఘాలు’, 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ‘జల్‌జలా’ వచ్చాయి. స్త్రీవాద, దళిత, ముస్లింవాద కవిత్వాలు ఒక్కొక్కటీ ఒక సంకలనంగా కట్టుకుని వచ్చి తమ చోటు తాము తీసుకున్నాయి. అంటే తలుపు తెరవడం అన్నది ఇంటర్నెట్ చేసిన ఘనకార్యమేమీ కాదు. దానికి ముందే బలంగా తోసినవాళ్లు ఉన్నారు, వాళ్ల చేతిలో ఉన్నది అచ్చు యంత్రం మాత్రమే.

మిగిలిన కవులందరిదీ ఒకటే దారి. సొంత డబ్బుతో ఐదు వందల కాపీలు, మహా అయితే వెయ్యి. కొన్ని గ్రంథాలయ సంస్థ కొంటే అదృష్టం, కొన్ని మిత్రులకు, మిగిలినవి మంచం కింద. ఈ పద్ధతిని ఎంతైనా ఎగతాళి చేయవచ్చు. కానీ ఆ మంచం కిందివాటిలో ఒక కాపీ ఏ జిల్లా గ్రంథాలయంలోనో, ఏ లెక్చరరు బీరువాలోనో ఉండిపోయేది. అట్ట లోపల సంవత్సరం, ప్రెస్సు పేరు, కవి చిరునామా ఉండేవి. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో పరిశోధక విద్యార్థి దుమ్ము దులిపి తీసేవరకు అది అక్కడ కూర్చునేది.

1991లో ‘భారతి’ ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ (ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్లలో ఒకే సంకేతాల పద్ధతి) తొలి రూపం వెలువడింది, అందులో తెలుగుకు చోటు ఉంది. ఈ రెండూ పరస్పరం తెలియని సంఘటనలు, కావాలని కలిపి కథ అల్లడం లేదు. పైగా యూనికోడ్‌లో చోటు దొరకడానికీ, మామూలు మనిషి కంప్యూటర్‌లో ‘అమ్మ’ అని రాయగలగడానికీ మధ్య పదిహేనేళ్లు పట్టింది.

ఆ మధ్య కాలంలో అమెరికాలోని తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక లిప్యంతరీకరణ పద్ధతిని తయారుచేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు, పెద్ద (క్యాపిటల్) అక్షరాల తేడాతో న, ణలను, ల, ళలను విడదీస్తుంది. అలవాటైనవాళ్లకు అది చదవడం పెద్ద కష్టం కాదు. యూజ్‌నెట్ అనే అప్పటి చర్చావేదికలోనూ, ‘తెలుసా’ వంటి ఈమెయిల్ ఉత్తరాల బృందాల్లోనూ శ్రీశ్రీని, తిలక్‌ను, ఇస్మాయిల్‌ను ఆ లిపిలో టైపు చేసి పంచుకున్నారు, పోట్లాడుకున్నారు, తాము రాసినవి పెట్టుకున్నారు. అప్పటి ఈ లోకం చాలా చిన్నది. విశ్వవిద్యాలయంలోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో కంప్యూటర్ ముందు కూర్చునే అవకాశం ఉన్నవాళ్లకే అందులో చోటు. ఇక్కడ అదే సమయంలో దళిత కవిత్వం పుస్తకాలుగా ఉప్పొంగుతుంటే, అక్కడి తెరల మీద దాని జాడ తక్కువ. తెలుగు కవితకు ఇంటర్నెట్ తొలి గడప సంపాదకుడి గడప కంటే ఇరుకైనదని మరచిపోకూడదు.

అక్కడి నుంచే 1998 దీపావళికి ‘ఈమాట’ వచ్చింది. అమెరికాలోని సాహిత్యాభిమానులు నడిపిన ఆ పత్రికలో నాకు ఎక్కువ విలువైనవిగా కనిపించేవి రెండు. ఒకటి, అచ్చు పత్రిక కాకపోయినా రచనను సమీక్షకులకు పంపించి, వాళ్ల అభిప్రాయాలు తీసుకుని, రచయిత చేత మార్పులు చేయించే పద్ధతి పెట్టుకుంది. తెర మీద ఎవరైనా ఏదైనా పెట్టగలిగే చోట తమకు తామే ఒక గడప కట్టుకోవడం ఆ రోజుల్లో కొందరికి చాదస్తంగా తోచి ఉండవచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. యూనికోడ్ లేని రోజుల్లో వేసిన సంచికలను తర్వాత యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకుంది. అందువల్ల పాతికేళ్ల కిందటి కవిత కూడా ఇవాళ ఫోనులో తెరుచుకుంటుంది, పక్కనే తేదీ ఉంటుంది, కింద అప్పటి పాఠకుల మాటలు, మొట్టికాయలతో సహా ఉంటాయి.

ఇదే కాలంలో తెలుగు దినపత్రికలు కూడా వెబ్‌లోకి వచ్చాయి, కానీ ఎవరి ఫాంటు వారిదే. ఒక పత్రిక చదవడానికి దించుకున్న ఫాంటు ఇంకొక పత్రికకు పనికిరాదు. ఫాంటు లేకపోతే తెర నిండా అర్థం లేని గుర్తులు. నాగార్జున వెన్న చేసిన ‘పద్మ’ అనే చిన్న పరికరం ఫైర్‌ఫాక్స్‌లో ఈ పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపిస్తే అప్పట్లో పండగలా ఉండేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ ఫాంటు ఉంది, కానీ తెలుగు సరిగా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఎక్కడో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వెతికి లోపల పెట్టాలి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను పంచిపెట్టుకున్నవాళ్లు ఎందరో. 2006 ప్రాంతంలో వీవెన్ ‘లేఖిని’ని తెచ్చాక కథ తిరిగింది. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే పక్కన తెలుగు పడుతుంది, దాన్ని ఎక్కడైనా అతికించుకోవచ్చు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో తెలుగు బ్లాగులు గుంపులుగా వచ్చాయి. వాటన్నిటినీ ఒక చోట చూపే ‘కూడలి’ని కూడా ఆయనే నడిపారు.

బ్లాగుల కాలం కవిత్వానికి మంచి కాలమని నా అభిప్రాయం. బ్లాగు కవిది. తేదీల వరసలో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, పాతదాన్ని వెనక్కి తిప్పి చదువుకోవచ్చు. రాజమండ్రి నుంచి పుట్ల హేమలత 2011లో తెచ్చిన ‘విహంగ’, 2013లో వచ్చిన ‘వాకిలి’, ‘సారంగ’ వంటి వెబ్ పత్రికలు ఆ అలవాటు మీదే నిలబడ్డాయి.

కవి యాకూబ్ 2012లో ఫేస్‌బుక్‌లో ‘కవిసంగమం’ మొదలుపెట్టారు. దీన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లు ముందు ఒక విషయం చూడాలి. ఆ బృందం తెర మీదే ఆగిపోలేదు. హైదరాబాద్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో మూడు తరాల కవులను ఒకే సాయంత్రం కూర్చోబెట్టి చదివించింది. అంతకు ముందు మండల కేంద్రంలో ఉండే ఒక కవికి మరో కవి ఎదురుపడాలంటే ఏడాదికొక సభ. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి కవిత పెడితే, పదింటికి వేరే జిల్లా నుంచి, వేరే దేశం నుంచి మాట వస్తుంది. అది మెచ్చుకోలే కావచ్చు. ఒంటరిగా రాసుకునేవాడికి మెచ్చుకోలు కూడా తక్కువ విషయం కాదు.

అదే 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తెలుగును సరిగా చూపడం మొదలుపెట్టింది. అంతకు ముందు చాలా ఫోన్లలో తెలుగు అంటే వరసగా డబ్బాలే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు కూలిపోయాయి. కవిత రాయడానికి, చదవడానికి కంప్యూటర్ అక్కర్లేకుండా పోయింది. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు, ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోను తీసే గృహిణులు రాయసాగారు. కవుల సంఖ్య పెరిగిందన్న ఫిర్యాదుకు అసలు కారణం ఇదే. రాసేవాళ్లు ముందూ ఉన్నారు, వాళ్ల నోటుపుస్తకాలు మనకు కనబడలేదు.

ఫోను వల్లే కవితలు పొట్టివైపోయాయన్న మాట మాత్రం నిలవదు. అలిశెట్టి ప్రభాకర్ 1993లోనే చనిపోయాడు. నాలుగైదు పంక్తుల్లో కోసినట్టు చెప్పే ఆయన కవితలు ఇవాళ ఫోనుల్లో అందరి కంటే ఎక్కువగా తిరిగేవాటిలో ఉన్నాయి. ఎన్. గోపి నానీలను 1997లో మొదలుపెట్టారు. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. తెలుగులో ఎస్ఎంఎస్ పంపితే ఒక సందేశానికి పట్టేవి 70 సంకేతాలు, నానీ ఇంచుమించు అందులో సరిపోతుంది. కొలిచి కుట్టినట్టుంది గాని, నానీ పుట్టినప్పుడు మన చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు.

నిజానికి యంత్రం లెక్కలు తెలుగుకు అంత అనుకూలంగా ఉండవు. మనం ఒక అక్షరం అనుకునే ‘స్త్రీ’ కంప్యూటర్ లెక్కలో ఆరు. ట్విట్టర్ 140 సంకేతాల హద్దు పెట్టిన రోజుల్లో సంయుక్తాక్షరాలు ఇష్టపడే కవికి ఇంగ్లీషు కవికి దొరికినంత చోటు దొరికేది కాదు. 2017 నవంబరులో ఆ హద్దు 280 అయింది. ఆ తర్వాత మూడు నెలలకు, 2018 ఫిబ్రవరిలో, ఐఫోనులు తెలుగు ‘జ్ఞా’ ఎదురైతే కుప్పకూలుతున్నాయని ప్రపంచమంతా వార్త. ఆపిల్ కంపెనీ హడావిడిగా ఒక సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. తెలుగు అక్షరానికి అంత అంతర్జాతీయ ఖ్యాతి ఏ కవీ తేలేదు.

ఇక వాట్సాప్. ఇక్కడ కవిత మళ్లీ నోటి మాటలా తిరగడం మొదలుపెట్టింది. కవి పేరు రెండో బృందం దాటేసరికి రాలిపోతుంది, నాలుగో బృందంలో ఇంకెవరి పేరో అతుక్కుంటుంది. శ్రీశ్రీ, చలం పేర్ల మీద తిరిగే వాక్యాలను చూస్తే వాళ్లిద్దరూ పోయాక కూడా రాస్తూనే ఉన్నారేమో అనిపిస్తుంది. ఇది మనకు కొత్త కాదు. నోటినోటా తిరిగే విడి పద్యాలు, చాటుపద్యాలు, వందల ఏళ్లు ఇలాగే తిరిగాయి. ఏ చమత్కారం కనిపించినా తెనాలి రామకృష్ణుడిది, ఏ భోగం కనిపించినా శ్రీనాథుడిది. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివాళ్లు తిరిగి తిరిగి వాటిని పోగుచేసి ‘చాటుపద్యమణిమంజరి’గా అచ్చు వేయకపోతే ఎన్ని మిగిలేవో. అంతకు ముందు సి.పి. బ్రౌన్ తాళపత్రాలు వెతికించి 1829లో 693 వేమన పద్యాలను అచ్చు వేయించాడు.

కానీ చాటుపద్యానికి, ఇవాళ్టి ఫార్వర్డుకు మధ్య ఒక తేడా ఉంది. ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుకునేది దీన్నే. చాటువు కవి పేరును పోగొట్టుకుంది గాని పద్యాన్ని పోగొట్టుకోలేదు. గణం తప్పితే చెవికి తెలుస్తుంది, ప్రాస తప్పితే నాలుక ఆగుతుంది. ఒక మాట మరచిపోయినవాడు అదే కొలతలో ఇంకో మాట వెతుక్కోవాల్సిందే. అంటే ఛందస్సు అలంకారమే కాదు, కాపలా కూడా. వేమన ఇంకో అడుగు ముందుకు వేసి సంతకాన్ని నాలుగో పాదంలోనే పెట్టుకున్నాడు. దాన్ని తీసేస్తే ఆటవెలది కుంటుతుంది. అదే మకుటం తగిలించి ఎవరైనా వేమన పద్యం చేసేయవచ్చన్నదీ నిజమే, చేశారు కూడా. వచన కవితకు ఈ కాపలా లేదు. దాని ప్రాణం పాదం ఎక్కడ విరిగిందన్న దాంట్లో ఉంటుంది. ఒక బృందం నుంచి మరో బృందానికి అతికించేటప్పుడు పాదాలన్నీ కలిసిపోయి పేరా అవుతుంది. చిన్న తెర మీద పొడుగు పాదం తనకు తానే విరుగుతుంది. మధ్యలో ఎవరో ఒక పంక్తి తీసేసి రెండు పూలబొమ్మలు పెడతారు. కుందుర్తి తరం ఛందస్సును తీసేసినప్పుడు కాపలా పనిని అచ్చు పుస్తకానికి అప్పగించింది. ఇప్పుడు పుస్తకం కూడా తప్పుకుంటే కవిత ఒంటరిగా వీధిన పడింది.

బహుశా అందుకే కాబోలు, అందరూ పోయిందనుకున్న పద్యం ఇంటర్నెట్‌లో చక్కగా తిరిగి వచ్చింది. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన కంది శంకరయ్య ‘శంకరాభరణం’ బ్లాగులో రోజూ ఒక సమస్య ఇస్తూ ఏళ్ల తరబడి పూరణలు రాబట్టారు. ఒకప్పుడు ఆకాశవాణికి పోస్టుకార్డు మీద రాసి పంపి, వారం రోజులు రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్న పనే ఇది. ఇక్కడ తప్పు అప్పటికప్పుడే దిద్దుతారు. జెజ్జాల కృష్ణమోహనరావు పాత లక్షణగ్రంథాల్లో నిద్రపోతున్న వృత్తాలను లేపి, ఉదాహరణలు రాసి, వ్యాసాలుగా అందించారు. మిరియాల దిలీప్ చేసిన ‘ఛందం’ అనే ఉపకరణంలో పద్యం పెడితే గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతి ఎక్కడ తప్పిందో చూపిస్తుంది. యంత్రానికి బాగా అర్థమయ్యేది లెక్క, పద్యానికి లెక్క ఉంది. వచన కవికి అలా తప్పు చూపే నాథుడు లేడు.

ఆ కొరత వచన కవులకూ తెలిసినట్టుంది. నానీల తర్వాత రెక్కలు, నానోలు, మణిపూసలు అంటూ వచ్చిన కొత్త ప్రక్రియలు చూడండి. ప్రతిదానికీ ఇన్ని పాదాలు, ఇన్ని అక్షరాలు, ఇన్ని మాత్రలని ఒక నిబంధన ఉంటుంది. స్వేచ్ఛ కోసం ఛందస్సును వదిలినవాళ్ల మనవలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారు. కరోనా నెలల్లో వాట్సాప్ బృందాలు రోజుకొక అంశం ఇచ్చి, సాయంత్రానికి రంగురంగుల ప్రశంసాపత్రాలు పంచిపెట్టిన తీరు గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. అయినా అందులోనూ ఒక ఆకలి కనిపిస్తుంది. ఎవరో ఒకరు చూసి, ఇది సరిపోయింది అని చెప్పాలి. లైకుల లెక్క ఆ మాట చెప్పలేదు. అదే సమయంలో అచ్చు పత్రికలు పేజీలు తగ్గించుకున్నాయి, ‘ఆంధ్రభూమి’ అచ్చే ఆగిపోయింది. ఆ మాట చెప్పేవాళ్లు ఇంకా తగ్గారు.

దాచడం సంగతి చూస్తే పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. 2000ల మొదటి దశకంలో సాహిత్య చర్చలు ఎన్నో యాహూ బృందాల్లో జరిగాయి. ‘రచ్చబండ’, ‘ఛందస్సు’ అలాంటివే. 2019 డిసెంబరులో యాహూ ఆ పాత ఉత్తరాలను తొలగించడం మొదలుపెట్టింది, ఏడాది తర్వాత బృందాలనే మూసేసింది. ముందుగా దించుకున్నవాళ్ల దగ్గర మిగిలింది మిగిలింది. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ పోయింది. ఫేస్‌బుక్ పోలేదు, కానీ అందులో పదేళ్ల కిందటి కవితను పట్టుకోవడం పోయినదాన్ని వెతకడం లాంటిదే. చాలా బృందాల లోపలికి వెబ్ పేజీలను దాచిపెట్టే సంస్థలు కూడా రాలేవు. ఒక కవి ఖాతా మూతపడితే ఆయన కవితలతో పాటు వాటి కింద జరిగిన మాటలన్నీ పోతాయి.

కథకు ఇలాంటి గతి పట్టకుండా ఒక మనిషి చూసుకున్నాడు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ పెట్టి, తెలుగులో అచ్చయిన ప్రతి కథ జాడ పట్టుకోవాలని పూనుకున్నారు. ఆ సంపద ఇప్పుడు వెబ్‌లో కూడా ఉంది. 1990 నుంచి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ ఏటేటా తెచ్చిన ‘కథ’ సంకలనాలు ఇంకో ఆధారం. కవిత్వానికి ఆ స్థాయి ఇల్లు ఇప్పటికీ లేదు. మనసు ఫౌండేషన్ కొందరు రచయితల సమగ్ర సంపుటాలు తెచ్చింది, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత పుస్తకాలు ఎన్నో స్కాన్ చేసింది. కానీ స్కానింగుకు ఎక్కువగా చిక్కినవి బాగా పాతవి. మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది, కాబట్టి శ్రీశ్రీ రచనలకే 2043 దాకా ఉంది.

దీని వల్ల మధ్యలో ఒక ఖాళీ ఏర్పడింది. 1990 నుంచి 2010 దాకా వచ్చిన కవితా సంపుటాల్లో చాలా భాగం డీటీపీ సెంటర్లలో ‘అను’ వంటి ఫాంట్లలో కూర్చినవి. వాటిలోని అక్షరాలు యూనికోడ్ కావు, కాబట్టి ఏ వెతుకులాటకూ చిక్కవు. ఆ ఫైళ్లు ఉన్న సీడీలు ప్రెస్సుల్లో పాడైపోయాయి, చాలా ప్రెస్సులే లేవు. తెలుగు కవిత్వం అంతగా ముఖం మార్చుకున్న ఇరవై ఏళ్లు ఈమధ్య ఇంకెప్పుడూ లేవు. వాటికి ముందున్నవి స్కాన్ అయ్యాయి, వెనుక వచ్చినవి ఫోనులో పుట్టాయి. ఇవాళ ఇరవై ఏళ్ల కవి ఫోనులో వెతికితే వేమన దొరుకుతాడు, నిన్న రాత్రి ఎవరో పెట్టిన కవిత దొరుకుతుంది. ‘చిక్కనవుతున్న పాట’ చదవాలంటే మాత్రం అది కొనుక్కున్నవాళ్లెవరో తెలుసుకుని, ఫోను చేసి, ఒకసారి ఇవ్వమని అడగాలి.